గీత చెప్పే జోస్యం

మృగశిర కార్తె దగ్గర పడిందంటే చాలు, వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఈ ఏడు వానలెట్ల ఉంటయి?" పత్తి ఎన్ని ఎకరాల్లో పెట్టాలి, విత్తనం ఎప్పుడు వేయాలి, ఎరువులకు అప్పు ఎంత తేవాలి అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉంటాయి. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 13వ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో కట్టించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను చూడండి. వాన ఎంత పడుతుందో ముందుగా చెప్పలేం, పడిన వానను మాత్రం పట్టి ఉంచుకోగలం అన్న తెలివి ఆ కట్టల వెనుక ఉంది.

మరి వానను ముందుగా అంచనా కట్టడానికి శాస్త్రంలో దారి ఉన్నదా? ఉన్నది. గడిచిన ఏళ్ల లెక్కలను వరుసగా పేర్చి, వాటి మధ్య ఒక గీత గీసి, ఆ గీతను ముందుకు పొడిగించి చూడటమే ఆ దారి. దీనికి సాంఖ్యక శాస్త్రంలో "రేఖీయ ప్రతిగమనం" అని పేరు. పేరు బరువుగా ఉన్నా పని తేలిక. ఎనిమిదో తరగతి విద్యార్థి కాగితం, పెన్సిలుతో చేయగలిగినంత తేలిక. అయితే ఆ గీతను ఎంతవరకు నమ్మాలి? అసలు కిటుకంతా అక్కడే ఉంది. రండి, ముందు ఒక సులువైన లెక్క మీద గీత గీయడం నేర్చుకుని, ఆ తర్వాత వానల దగ్గరకు వెళదాం.

చుక్కల మధ్య గీత

మీ ప్రయోగశాలలో స్ప్రింగుకు బరువులు వేలాడదీసి, అది ఎంత సాగిందో కొలిచే ఉంటారు. బరువును అడ్డగీత మీద, సాగిన పొడవును నిలువు గీత మీద గుర్తించి చుక్కలు పెడితే అవన్నీ దాదాపు ఒకే సరళరేఖ మీదకు వస్తాయి. అప్పుడు మీరు వేలాడదీయని బరువుకు కూడా స్ప్రింగు ఎంత సాగుతుందో ఆ గీతను చూసి చెప్పవచ్చు. ముందంచనా అంటే ఇదే.

కానీ లోకంలోని లెక్కలన్నీ స్ప్రింగులాగా బుద్ధిగా ఉండవు. ఉదాహరణకు మన దేశ జనాభా తీసుకుందాం. జనగణన ప్రకారం 1951లో 36.1 కోట్లు, 1961లో 43.9 కోట్లు, 1971లో 54.8 కోట్లు, 1981లో 68.3 కోట్లు. ఇప్పుడు మీరు 1981లో ఉన్నారనుకోండి. ఈ నాలుగు అంకెలు తప్ప మీ దగ్గర మరేమీ లేవు. 2011లో జనాభా ఎంత ఉంటుందో చెప్పమన్నారు. ఏం చేస్తారు?

గ్రాఫు కాగితం తీసుకుని నాలుగు చుక్కలు పెట్టండి. 1951ని సున్నా అనుకుంటే 1961 ఒకటి, 1971 రెండు, 1981 మూడు. చుక్కలు పైకి ఎగబాకుతూ కనిపిస్తాయి కాని నాలుగూ ఒకే గీత మీదకు రావు. స్కేలు పెట్టి మీరొక గీత గీస్తే, పక్కనున్న మీ మిత్రుడు మరొకటి గీస్తాడు. ఎవరిది మంచి గీత?

మంచి గీతను ఎంచే పద్ధతి

ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లెజాండ్రె 1805లో ప్రచురించిన పుస్తకంలో దీనికి ఒక చక్కని నియమం చెప్పాడు. తోకచుక్కల కక్ష్యలను లెక్కగట్టే సందర్భంలో ఆయనకు దాని అవసరం కలిగింది. ఆ నియమం ఇది: ప్రతి చుక్క గీతకు ఎంత పైన లేక ఎంత కింద ఉన్నదో కొలవండి. ఆ తేడాను "శేషం" అందాం. శేషాలను ఉన్నవి ఉన్నట్లు కూడితే పైనున్నవీ కిందనున్నవీ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. అందుచేత ఒక్కొక్క శేషాన్ని వర్గం చేసి, ఆ వర్గాలను కూడాలి. ఆ మొత్తం ఏ గీతకు అన్నిటికంటె తక్కువ వస్తుందో అదే మంచి గీత. దీనినే "కనిష్ఠ వర్గాల పద్ధతి" అంటారు.

గీతలన్నీ గీసి చూడనక్కర లేకుండా ఆ మంచి గీతను సూటిగా కనుక్కునే లెక్క ఉంది. మెట్టు మెట్టుగా చేద్దాం.

మొదటి మెట్టు: దశాబ్దాల సగటు కట్టండి. 0, 1, 2, 3ల సగటు 1.5. జనాభాల సగటు కట్టండి. 36.1, 43.9, 54.8, 68.3ల సగటు 50.775.

రెండో మెట్టు: ప్రతి దశాబ్దం ఆ సగటుకు ఎంత దూరంలో ఉన్నదో రాయండి. అవి -1.5, -0.5, 0.5, 1.5. ఒక్కొక్క దూరాన్ని దాని ఎదుటి జనాభాతో గుణించి అన్నీ కూడండి. -54.15, -21.95, 27.4, 102.45 కలిపితే 53.75 వస్తుంది.

మూడో మెట్టు: ఆ దూరాల వర్గాలను కూడండి. 2.25, 0.25, 0.25, 2.25 కలిపితే 5.

నాలుగో మెట్టు: 53.75ని 5తో భాగించండి. 10.75 వస్తుంది. ఇది గీత వాలు. అంటే ఈ గీత ప్రకారం జనాభా పదేళ్లకు 10.75 కోట్లు పెరుగుతోందన్నమాట.

అయిదో మెట్టు: మంచి గీత ఎప్పుడూ సగటుల బిందువు గుండా పోతుంది. అందుచేత 50.775 నుంచి 1.5 × 10.75, అంటే 16.125 తీసివేస్తే గీత ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. అది 34.65.

ఇదీ మన సూత్రం: జనాభా = 34.65 + 10.75 × దశాబ్దాల సంఖ్య.

ఈ గీతకు శేషాల వర్గాల మొత్తం సుమారు 8.1. మొదటి చుక్కనూ చివరి చుక్కనూ కలుపుతూ గీసిన గీతకు అదే మొత్తం సుమారు 16.3 వస్తుంది. రెండు చుక్కల గుండా సూటిగా పోతున్నది గదా అని ఆ గీతను మెచ్చుకోవడానికి లేదు. మధ్యనున్న రెండు చుక్కలకు అది బాగా దూరమైంది. నాలుగు చుక్కలకూ సమంగా న్యాయం చేసేదే మంచి గీత.

మిగిలినదే అసలు కథ

ఇప్పుడు 2011కు వెళదాం. 1951 నుంచి అది ఆరో దశాబ్దం. 34.65కు 6 × 10.75 కలిపితే 99.15 కోట్లు. కాని 2011 జనగణనలో తేలినది సుమారు 121.1 కోట్లు. మన గీత 22 కోట్ల మందిని లెక్కలోకి తీసుకోలేదు! 2011లో తెలంగాణ, ఆంధ్ర, రాయలసీమలు కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 8.5 కోట్లు. అంటే అటువంటి రెండున్నర రాష్ట్రాలు గీతకు అందకుండా పోయాయన్నమాట. ఒక్కసారిగా కూడా కాదు. 1991లో తేడా సుమారు 7 కోట్లు, 2001లో సుమారు 14.5 కోట్లు, 2011లో 22 కోట్లు. ముందుకు పోయిన కొద్దీ తేడా పెరుగుతూ పోయింది.

గుణకారంలో ఎక్కడా తప్పు లేదు. మరి ఇలా ఎందుకు జరిగింది? 1981లో ఉన్న మనకు ఈ ప్రమాదం ముందుగా తెలిసే దారి ఉన్నదా?

ఉన్నది. శేషాలను చూడండి. 1951లో గీత 34.65 అంటే అసలు 36.1, శేషం +1.45. 1961లో -1.5. 1971లో -1.35. 1981లో +1.4. గుర్తులను వరుసగా చదవండి: పైన, కింద, కింద, పైన. రెండు కొనలూ గీతకు పైన, నడుమ భాగం గీతకు కింద ఉన్నాయి. తాటించిన విల్లును గీత మీద ఆనించినట్లు లేదూ? చుక్కలు సరళరేఖలో పోవడం లేదనీ, పైకి వంగుతున్నాయనీ ఆ శేషాలు అప్పుడే చెబుతున్నాయి. జనాభా పెరిగిన కొద్దీ పుట్టేవారి సంఖ్య కూడా పెరుగుతుంది కాబట్టి ప్రతి పదేళ్లకూ అంతకుముందు కంటె ఎక్కువ మంది చేరుతూ వచ్చారు. సరళరేఖకు ఆ సంగతి తెలియదు.

గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. గీత గీయగానే పని అయిపోలేదు. శేషాలు చింతగింజలు వెదజల్లినట్లు పైనా కిందా క్రమం లేకుండా పడితే గీతను నమ్మవచ్చు. వాటిలో ఏదైనా వరుస కనిపిస్తే, గీత పట్టుకోలేని కారణం ఒకటి అక్కడ దాగి ఉన్నదని అర్థం.

ఇంకొక సంగతి. 1961కీ 1971కీ మధ్యనున్న 1966 జనాభాను ఈ గీత నడిగితే దగ్గరి జవాబే ఇస్తుంది. చిక్కంతా చుక్కలు లేని చోటికి గీతను పొడిగించినప్పుడే. స్ప్రింగు సంగతీ ఇంతే. కిలో బరువు వరకు పరీక్షించిన స్ప్రింగుకు పది కిలోలు తగిలిస్తే గీత ఒక పొడవు చెబుతుంది. స్ప్రింగు మాత్రం సాగిపోయి మళ్లీ ముడుచుకోకుండా ఉండిపోతుంది.

"ప్రతిగమనం" అన్న పేరు

ప్రతిగమనం అంటే వెనక్కి మళ్లడం. ముందంచనా వేసే లెక్కకు ఈ పేరేమిటి? ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునూ, ఎదిగిన పిల్లల ఎత్తునూ పోల్చి చూశాడు. 205 జంటలు, వారి 928 మంది పిల్లల కొలతలతో 1886లో వ్యాసం ప్రచురించాడు. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు కంటె పొడవే గాని తల్లిదండ్రులంత కాదు. చాలా పొట్టివారి పిల్లలు పొట్టివారే గాని అంత పొట్టి కాదు. తల్లిదండ్రులు సగటుకు ఎంత దూరంలో ఉంటే పిల్లలు అందులో మూడింట రెండు వంతుల దూరంలో ఉన్నట్లు తేలింది. సగటు వైపుకు ఇలా వెనక్కి మళ్లడాన్నే ఆయన ప్రతిగమనం అన్నాడు. క్రమంగా ఆ పేరు గీతకూ, లెక్కకూ స్థిరపడిపోయింది.

ఇది మీ ఇంట్లోనూ జరుగుతుంది. త్రైమాసిక పరీక్షలో అందరికంటె ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయికి అర్ధ సంవత్సర పరీక్షలో కొంచెం తగ్గితే అమ్మమ్మ "దిష్టి తగిలింది" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పారేస్తుంది. దిష్టీ లేదు, గిష్టీ లేదు. మొదటిసారి చదువుతో పాటు అదృష్టం కూడా కలిసి వచ్చింది. చదివిన ప్రశ్నలే వచ్చాయి. రెండోసారి చదువు ఉన్నది, అంత అదృష్టం లేదు. అందుకే మార్కులు సగటు వైపుకు కాస్త మళ్లాయి.

వానను లెక్కకు కట్టినవారు

ఇక మన మొదటి ప్రశ్నకు వద్దాం. జనాభా మెల్లగా, ఒక తీరుగా పెరుగుతుంది. వాన అలా కాదు. ఒక ఏడు చెరువులు మత్తడి దూకుతాయి, మరుసటి ఏడు నెర్రెలు బారుతాయి. దాని మీద గీత గీయడం ఎలా? వాన వెనుక ఏముందో వెతికి, దానికీ వానకూ మధ్య గీత గీయాలి.

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ వెంటనే 1876-78 కరువు మద్రాసు రాజధానినీ, మైసూరునూ, నిజాం రాజ్యాన్నీ పీడించి లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. వానలను ముందే పసిగట్టగలమా అన్న ప్రశ్న అప్పుడు ప్రాణాల మీదకు వచ్చింది. శాఖ మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఒక సంగతి గమనించాడు: హిమాలయాల్లో చలికాలపు మంచు ఎక్కువగా పేరుకున్న ఏడాది దేశంలో వానలు తగ్గుతున్నాయి. దాని ఆధారంగా 1886లో నైరుతి రుతుపవనాలకు మొదటి ముందస్తు అంచనాను అధికారికంగా వెలువరించారు.

1904లో ఆ శాఖకు గిల్బర్ట్ వాకర్ అధిపతిగా వచ్చాడు. ఆయన కేంబ్రిడ్జిలో గణిత పరీక్షలో ప్రథముడిగా నెగ్గినవాడు. వాతావరణ శాస్త్రం చదివినవాడు కాడు. గాలి, నీరు, ఎండ కలిసి ఆడే ఆటను సమీకరణాలతో విప్పడం ఆనాటికి సాధ్యం కాదని గ్రహించి, లెక్కల దారి పట్టాడు. ప్రపంచం నలుమూలల వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలు తెప్పించి, గుమాస్తాల చేత చేతిలెక్కలు కట్టించి, ఏ చోటి మార్పు మన వానతో పొత్తుగా నడుస్తున్నదో వెతికించాడు.

ఈ పొత్తును కొలిచే అంకెను "సహసంబంధ గుణకం" అంటారు. అది -1కీ +1కీ మధ్య ఉంటుంది. ఒకటి పెరిగితే రెండోది తప్పకుండా అదే నిష్పత్తిలో పెరిగితే +1. ఒకటి పెరిగితే రెండోది అలాగే తగ్గితే -1. పొత్తే లేకపోతే సున్నా. పొత్తు గట్టిగా ఉన్న అంశాలను ఏరి, వాకర్ ప్రతిగమన సూత్రాలు తయారు చేశాడు. ఒకే కారణం ఉంటే మన లెక్కలో గీత వస్తుంది. రెండు కారణాలుంటే గీతకు బదులు గాలిలో వాలుగా పెట్టిన పలక వస్తుంది. అంతకంటె ఎక్కువైతే బొమ్మ గీయలేం గాని, కనిష్ఠ వర్గాల లెక్క మాత్రం అదే.

ఈ వెతుకులాటలో వాకర్‌కు అనుకోని నిధి ఒకటి దొరికింది. పసిఫిక్ మహాసముద్రం మీద వాయుపీడనం హెచ్చినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది. ఇటు హెచ్చితే అటు తగ్గుతుంది. ఏతం మాను ఒక కొన లేస్తే రెండో కొన దిగినట్లు! దీనికి ఆయన "దక్షిణ డోలనం" అని పేరు పెట్టాడు. పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినోకూ ఈ డోలనానికీ ఉన్న ముడిని 1969లో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త విప్పి చూపాడు. ఇప్పుడు ప్రతి వేసవిలో వార్తాపత్రికలలో కనిపించే ఎల్ నినో మాటకు పునాది వేసింది ఈ చేతిలెక్కలే.

నాణెం విద్య

వాకర్ దగ్గర మరొక మంచి గుణం ఉంది: తన లెక్కను తానే అనుమానించడం. దాన్ని ఒక ఆటతో అర్థం చేసుకుందాం. మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరూ నాణేన్ని అయిదు సార్లు ఎగరవేయాలి. అయిదుసార్లూ బొమ్మే పడే అవకాశం 32లో 1. కాబట్టి నలభై మందిలో ఒకరికో ఇద్దరికో అలా పడవచ్చు. వాళ్లను నాణెం విద్యలో ఆరితేరినవారు అందామా? ఆరోసారి కూడా బొమ్మే వేస్తారని పందెం కాద్దామా?

వానకు కారణాలు వెతకడంలోనూ ఇదే ప్రమాదం. ప్రపంచంలోని వంద అంశాలను వానతో పోల్చి చూస్తే, ఏ సంబంధమూ లేనివి కూడా కొన్ని పాతికేళ్ల పాటు దానితో కలిసి నడిచినట్లు కనిపిస్తాయి. ఈ సంగతి మీద వాకర్ 1914లోనే హెచ్చరిక చేశాడు. ఎన్నిటిలోంచి ఏరామన్నది మరచిపోతే, అదృష్టాన్ని విజ్ఞానం అనుకునే ప్రమాదం ఉంది.

2002 నేర్పిన పాఠం

వాకర్ తర్వాత కూడా ఆయన పద్ధతి చాలా కాలం నడిచింది. అయితే ఆయన ఏరిన అంశాలలో కొన్నిటికి వానతో పొత్తు కాలక్రమాన సడలిపోయింది. 1988లో వసంత్ గోవారికర్, ఆయన సహచరులు తయారు చేసిన కొత్త సూత్రం వాడుకలోకి వచ్చింది. అందులో 16 అంశాలు ఉన్నాయి. 1988 నుంచి 2001 వరకు 14 ఏళ్లు వరుసగా దేశం మొత్తం మీద కరువు రాలేదు. అంచనాలలోనూ కరువు మాట లేదు. సూత్రం మీద నమ్మకం పెరిగింది.

2002 వచ్చింది. వాన సగటులో 101 శాతం ఉంటుందని అంచనా. జూన్ గడిచింది. నాట్లకూ, విత్తులకూ ప్రాణం లాంటి జూలైలో దేశంలో పడవలసిన వానలో దాదాపు సగం మాత్రమే పడింది. నాలుగు నెలల మొత్తం 81 శాతం దగ్గర ఆగిపోయింది. దేశంలో ఆహార ధాన్యాల ఉత్పత్తి అంతకుముందటి ఏడాది సుమారు 21.3 కోట్ల టన్నులు ఉంటే, ఆ ఏడాది సుమారు 17.5 కోట్ల టన్నులకు పడిపోయింది.

పరిశీలించి చూస్తే, ఆ 16 అంశాలలో కొన్ని వానతో పొత్తును ఏనాడో వదిలిపెట్టినట్లు తేలింది. స్ప్రింగు గుణం రేపటికి మారదు. సముద్రానికీ గాలికీ ఉన్న పొత్తు మాత్రం దశాబ్దాల మీద మారుతుంది. అందుకే సూత్రాన్ని ఏటేటా కొత్త శేషాలతో పరీక్షించుకుంటూ ఉండాలి. 2003లో ఆ సూత్రాన్ని పక్కన పెట్టి, తక్కువ అంశాలతో కొత్తవి తెచ్చారు. సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి లెక్కగట్టే పెద్ద కంప్యూటర్ల నమూనాలు తర్వాత వాటికి తోడయ్యాయి. ఇప్పుడు వాతావరణ శాఖ అంచనాతో పాటు "5 శాతం అటూ ఇటూ కావచ్చు" అని పొరపాటు మేరను కూడా చెబుతుంది. ఆ "అటూ ఇటూ" అన్న మాటను చాలామంది చదవకుండా వదిలేస్తారు. నిజానికి అంచనాలో అది సగభాగం.

మరొక జాగ్రత్త. దేశమంతటికీ కట్టిన అంకె మన ఊరికి వర్తించదు. 1997లో బలమైన ఎల్ నినో వచ్చినా దేశం మొత్తం మీద వాన 102 శాతం పడింది. కాని 1997-98 పంటకాలంలోనే వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగు ఉధృతి వల్లా, అదను తప్పిన వానల వల్లా పంట పోగొట్టుకున్నారు. అప్పులలో మునిగి ఎన్నో కుటుంబాలు తీరని దుఃఖం పాలయ్యాయి. సగటున మోకాలి లోతు ఉన్న వాగులో కూడా మడుగులు ఉంటాయి గదా!

పొరపాటుకూ ఒక హద్దు

అయితే పొరపాటును ఎంత వరకు తగ్గించగలం? ఇంకా తెలివైన లెక్క కనిపెడితే సున్నాకు తేగలమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో ఒక తెలుగువారు ఉండటం మనకు గర్వకారణం. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ప్రపంచమంతా సి. ఆర్. రావు అని పిలుస్తుంది. 1920 సెప్టెంబరు 10న, నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరారు.

1945లో, ఇంకా పాతికేళ్లు నిండకుండానే, ఆయన ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ సంగతి ఉంది: మన దగ్గరున్న లెక్కలలో ఎంత సమాచారం ఉన్నదో కొలవవచ్చు. పక్షపాతం లేని ఏ పద్ధతితో అంచనా వేసినా, దాని చంచలత్వం ఆ సమాచారం నిర్ణయించే ఒక హద్దు కంటె తగ్గదు. స్వీడన్‌కు చెందిన క్రేమర్ కూడా విడిగా దీనిని కనుక్కున్నాడు. అందుకే దీనికి "క్రేమర్-రావు హద్దు" అని పేరు. గానుగ ఎంత మంచిదైనా గింజలో ఉన్నంత నూనే వస్తుంది. ఇంకా మంచి అంచనా కావాలంటే ఇంకా మంచి కొలతలు కావాలి. రేఖీయ పద్ధతుల మీద 1965లో ఆయన రాసిన గ్రంథం ప్రపంచమంతటా పాఠ్యగ్రంథమైంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ఆయనను వరించింది. ఆ ఏడాది ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు.

ఈనాడు యంత్రాలకు నేర్పే కృత్రిమ మేధ గురించి మీరు వింటూనే ఉన్నారు. ఆ చదువులో మొదటి పాఠాలలో ఒకటి ఈ రేఖీయ ప్రతిగమనమే. యంత్రం నాలుగు చుక్కలకు బదులు కోట్ల చుక్కలతో పని చేస్తుంది. శేషాలను చూడవలసిన బాధ్యత మాత్రం తగ్గలేదు.

మీరూ చేసి చూడండి

కాబట్టి ఎవరైనా గీత గీసి జోస్యం చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని చుక్కల మీద గీశారు? శేషాలు ఎలా పడ్డాయి? చుక్కలు లేని చోటికి ఎంత దూరం పొడిగించారు? ఆ పొత్తుకు కారణం ఏమైనా తెలుసా, లేక నాణెం విద్యా?

ఇప్పుడు మీకొక పని. 1991లో జనాభా 84.6 కోట్లు, 2001లో 102.9 కోట్లు, 2011లో 121.1 కోట్లు. ఈ మూడు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. పైన చెప్పిన అయిదు మెట్లు ఎక్కి గీత వాలు కట్టండి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. తర్వాతి జనగణనకు ప్రభుత్వం 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించింది. 1991ని సున్నా అనుకుంటే 2027 అంటే 3.6 దశాబ్దాలు. జనాభా ఎంతని మీ గీత చెబుతున్నది?

జవాబు రాశాక కాసేపు ఆలోచించండి. ఒక్కొక్క ఇంట్లో పుట్టే పిల్లల సంఖ్య ఇన్నేళ్లుగా తగ్గుతూ వస్తోంది. అసలు అంకె మీ గీతకు పైన ఉంటుందా, కింద ఉంటుందా? మీ అంచనా, దానికి కారణం, "అటూ ఇటూ" ఎంత అన్నది - మూడూ తేదీ వేసి నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. లెక్కలు వెలువడిన రోజున తీసి పోల్చండి. అంకె కలిస్తే సంతోషమే. కలవకపోతే మీ చేతిలో ఒక శేషం ఉంటుంది. అది ఎందుకు మిగిలిందని వెతకడం మొదలుపెట్టండి.